పాత కార్ల షోని వీడియో తీయడం, ఎడిట్ చేయడం: సమగ్ర మార్గదర్శి

కార్ షోకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తీసేది ఒకే రకం వీడియో. ఫోన్ పైకెత్తి, వరసగా నిలబెట్టిన బండ్ల ముందు నుంచి నడుచుకుంటూ వెళ్లిపోతారు. పది నిమిషాల ఫుటేజ్ వస్తుంది, చూసేవాళ్లు అర నిమిషానికే వదిలేస్తారు. ఇందులో కెమెరా లోపమేమీ లేదు. నిలబడి ఉన్న కారుకి ఫొటో చాలు. వీడియోకి కదలిక కావాలి, చప్పుడు కావాలి, ఆ బండి గురించి చెప్పే మనిషి కావాలి. షోలో ఇవి నిండుగా దొరికేది మూడే సందర్భాల్లో: బండ్లు లోపలికి వచ్చేటప్పుడు, బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు, చివర్లో అన్నీ తిరిగి వెళ్లేటప్పుడు. రోజంతటినీ ఈ మూడింటి చుట్టూ అమర్చుకోండి. నిలబడ్డ బండ్ల షాట్లు మధ్యలో ఎప్పుడైనా తీసుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది మన ఊళ్లలో జరిగే మామూలు షో గురించి: ఓపెన్ గ్రౌండ్, ఆదివారం పొద్దున, అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు, కాంటెస్సాలు, కొన్ని విదేశీ బండ్లు, ఒక షామియానా, ఒక మైకు సెట్టు. చేతిలో ఫోన్ ఉన్నా, మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నా పద్ధతి ఒకటే.

వెళ్లేముందు

నిర్వాహకులకి ఫోన్ చేసి రెండు సమయాలు కనుక్కోండి: బండ్లు ఏ గేటు నుంచి ఎన్నింటికి వస్తాయి, జనాన్ని ఎన్నింటికి వదులుతారు. ఈ రెంటి మధ్య ఉన్న వ్యవధే రోజు మొత్తంలో అత్యంత విలువైనది. వెలుతురు ఏటవాలుగా ఉంటుంది, బండ్ల ముందు మనుషులు అడ్డుండరు, చల్లబడిన ఇంజిన్లు అప్పుడే స్టార్టయి వచ్చి ఉంటాయి. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయం దాదాపు 6:45కి. అక్కడి నుంచి ఎనిమిదిన్నర దాకా వచ్చే వెలుతురు కారు ఒంపులన్నీ చూపిస్తుంది. పది దాటాక వీడియోలో టాపూ బానెట్టూ తెల్లగా కాలిపోతాయి, తలుపులు నల్లబడతాయి.

సంచిలో ఉండాల్సినవి: చిన్న ట్రైపాడ్, రెండు బ్యాటరీలు లేదా పవర్ బ్యాంకు, వీ30 గుర్తున్న (4కె వీడియోకి సరిపడా వేగం ఉన్న) 128 జీబీ కార్డు, సీపీఎల్ ఫిల్టర్ (ప్రతిబింబాలు తగ్గించేది), ఎన్డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వచ్చే వెలుగు తగ్గించేది), కాలర్ మైకు, దానికి ఊలు తొడుగు, చప్పుడు కోసం విడిగా ఒక రికార్డర్ (పాత ఫోనైనా చాలు), గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిద రంగు అట్ట), మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. కెమెరాలో 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున తీస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ అవుతుంది. అంటే 128 జీబీ కార్డు మూడు గంటలకి కొంచెం తక్కువగా వస్తుంది. ఒక్క షోకి ఇది ఎక్కువే.

బట్టల సంగతి చిన్నదిగా అనిపిస్తుంది కానీ ముఖ్యం. ముదురు రంగు, గీతలూ బొమ్మలూ లేని చొక్కా వేసుకోండి. పాలిష్ పెట్టిన తలుపులో పసుపు టీషర్టు స్పష్టంగా కనబడుతుంది, ఎడిటింగ్‌లో దాన్ని తీసేయలేరు. బెల్టు బకిల్, మెడలో వేలాడే కెమెరా పట్టీ, సంచి జిప్పు పెయింటుకి గీరుకోకుండా పక్కకి తిప్పుకోండి. కారుని చేత్తో తాకొద్దు, ఆనుకోవద్దు. ఓనర్లు మీతో మాట్లాడతారా లేదా అన్నది చాలా మటుకు ఇక్కడే తేలిపోతుంది.

డ్రోన్ ఆలోచన ఉంటే ముందే డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ల వెబ్‌సైటు) మ్యాప్‌లో ఆ గ్రౌండ్ ఏ జోన్‌లో ఉందో చూడండి. హైదరాబాద్‌లో బేగంపేట విమానాశ్రయం ఊరి మధ్యలోనే ఉంది, సికింద్రాబాద్ చుట్టూ కంటోన్మెంట్ ఉంది. అనుమతి లేకుండా ఎగరేయొద్దు, ఉన్నా జనం నెత్తి మీద ఎగరేయొద్దు.

కెమెరా సెట్టింగులు

ఫ్రేమ్ రేటు (సెకనుకి తీసే బొమ్మలు) 25 పెట్టండి, షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుగు పడే సమయం) 1/50 సెకను. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. చాలా ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి వంద సార్లు మిణుకుతాయి. 30 ఫ్రేములు, 1/60 పెడితే షామియానా కింద, హాలు లోపల తీసిన షాట్లలో చారలు పాకుతాయి. ఐఫోన్‌లో 25 కనబడకపోతే కెమెరా సెట్టింగుల్లో రికార్డ్ వీడియోలోకి వెళ్లి షో పాల్ ఫార్మాట్స్ ఆన్ చేయాలి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు అక్కడి షోలు తీసేటప్పుడు 30, 1/60 వాడాలి, అక్కడి కరెంటు 60 హెర్ట్‌జ్.

మధ్యాహ్నం ఎండలో 1/50 షట్టర్ నిలబెట్టాలంటే ఎన్డీ ఫిల్టర్ తప్పదు. ఐఎస్‌ఓ 100, ఎఫ్ 2.8 దగ్గర ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) తగ్గించాలి, అంటే ఎన్డీ 64. సీపీఎల్ కూడా తగిలిస్తే అదే ఒకటి రెండు స్టాపులు మింగుతుంది కనుక ఎన్డీ 16 లేదా 32 సరిపోతుంది. ఎన్డీ లేని ఫోన్ ఎండలో షట్టర్‌ని సెకనులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువకి తీసుకుపోతుంది. నిలబడ్డ కారుకి అది నష్టం కాదు. కదిలే కారు చక్రాల దగ్గరే తేడా తెలుస్తుంది: స్పోకులు తునకలు తునకలుగా, ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనబడతాయి. ఒకే ఒక్క ఎన్డీ కొనగలిగితే, బండ్లు గేటులోకి వచ్చే షాట్ల కోసం దాచుకోండి.

ఎక్స్‌పోజర్ (వెలుగు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా చేసే సెట్టింగు) మూడూ లాక్ చేయాలి. ఆటోలో వదిలేస్తే కెమెరా నల్ల అంబాసిడర్‌ని బూడిద రంగు చేస్తుంది, తెల్ల ఫియట్‌ని మురికిగా చూపిస్తుంది, పాన్ చేస్తుంటే (కెమెరాని పక్కకి తిప్పుతుంటే) మధ్యలో వెలుగు పెరిగి తగ్గుతుంది. ఫోన్‌లో తెర మీద వేలు నొక్కిపెడితే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాకవుతాయి. తర్వాత వెలుగు కొంచెం కిందికి లాగండి, 0.3 నుంచి 0.7 దాకా. క్రోమ్ బంపర్ మీద సూర్యుడి చుక్క కాలిపోయినా పరవాలేదు, పెయింటు కాలిపోకూడదు. వైట్ బ్యాలెన్స్ ఎండలో 5600 కెల్విన్, నీడలో 6500 నుంచి 7000.

షామియానా కింద మాత్రం ఏ అంకే పనిచేయదు. ఎర్ర గుడ్డ కింద తెల్ల కారు గులాబీ రంగులోకి వెళ్తుంది, పసుపు గుడ్డ కింద నీలం కారు ఆకుపచ్చగా మారుతుంది. అక్కడ గ్రే కార్డు పెట్టి విడిగా వైట్ బ్యాలెన్స్ కొట్టాలి. బండి సగం ఎండలో, సగం గుడ్డ కింద ఉంటే ఏ సెట్టింగూ రెంటినీ సరిచేయదు. ఫ్రేమ్‌లో ఏదో ఒక సగమే వచ్చేలా దగ్గరి షాట్లు తీయండి.

లాగ్ ప్రొఫైల్ (రంగులు తర్వాత దిద్దుకునేందుకు చప్పగా రికార్డు చేసే మోడ్) మీ కెమెరాలో 8 బిట్‌గా ఉంటే ముట్టుకోవద్దు. కారు బానెట్ మీద రంగు నున్నగా ముదురు నుంచి లేతకి మారుతుంది, రంగులు దిద్దేటప్పుడు సరిగ్గా అక్కడే పట్టీలు పట్టీలుగా విడిపోతుంది.

ప్రతిబింబాలు, సీపీఎల్

కార్ షోకి ఒకే ఫిల్టర్ తీసుకెళ్లాలంటే అది సీపీఎలే. విండ్‌షీల్డు మీద ఆకాశాన్ని, పెయింటు మీద తెల్లటి పొరని తగ్గించి అసలు రంగు బయటికి తెస్తుంది. గాజుకి దాదాపు 35 డిగ్రీల కోణంలో నిలబడి చూసినప్పుడు బాగా పనిచేస్తుంది, ఎదురుగా నిలబడితే పనిచేయదు. ఫ్రేమ్ మార్చిన ప్రతిసారీ తిప్పి చూసుకోవాలి. క్రోమ్ మీద దాని ప్రభావం ఉండదు, లోహం మీద నుంచి వచ్చే వెలుగు తీరు వేరు. టెంపర్డ్ గ్లాస్ కిటికీల్లో, ముఖ్యంగా వెనక అద్దంలో, ఇంద్రధనుస్సు మచ్చలు తేలుతాయి. అప్పుడు ఫిల్టర్ తీసేసి తీయండి. ప్రతిబింబాన్ని పూర్తిగా చంపడం కూడా మంచిది కాదు: బానెట్ అంచు మీద పారే ఒక వెలుగు గీతే ఆ ఒంపుని కంటికి చూపిస్తుంది.

హబ్‌క్యాపులు (చక్రాల మధ్య మెరిసే మూతలు), గుండ్రటి హెడ్‌లైట్లు మిమ్మల్ని ఎలాగూ చూపిస్తాయి. జూమ్ చేసి దూరం నుంచి తీస్తే మీరు చుక్కంత అవుతారు.

ఒక్కో బండికి తీయాల్సిన షాట్లు

అన్ని బండ్లనీ తీయాలన్న ఆశ మానుకోండి. ముందు కెమెరా లేకుండా ఒక చుట్టు తిరిగి ఆరేడు బండ్లు ఎంచుకోండి. ఓనరు దగ్గరే ఉన్నవి, స్టార్ట్ చేయడానికి ఒప్పుకున్నవి, వెనక బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉన్నవి. ఆ ఆరేడింటినీ పూర్తిగా తీయండి.

మెయిన్ లెన్స్‌తో దగ్గరికి వెళ్లి మొత్తం కారు తీస్తే ముక్కు ఉబ్బి, వెనక భాగం కుదించుకుపోతుంది. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ వాడండి. కెమెరా హెడ్‌లైట్ ఎత్తులో ఉండాలి. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే ప్రతి కారూ బొమ్మకారులా తేలిపోతుంది. ముందు నుంచి ఏటవాలుగా మొత్తం బండి, పక్క నుంచి, వెనక నుంచి ఏటవాలుగా, బ్యాడ్జి, చక్రం, డ్యాష్‌బోర్డు, ఇంజిన్, దాన్ని చూస్తున్న మనిషి ముఖం: ఈ ఎనిమిదీ ఉంటే ఎడిటింగ్‌లో లోటు రాదు. ముందు చక్రాన్ని కొద్దిగా తిప్పి పెట్టమని ఓనరుని అడగగలిగితే, టైరు అరిగిన ముఖం కాకుండా రిమ్ము కెమెరాకి కనబడే వైపు తిప్పించండి.

ప్రతి షాట్‌నీ కదలకుండా పది సెకన్లు పట్టండి. పాన్ చేస్తే మొదట మూడు సెకన్లు, చివర మూడు సెకన్లు నిలకడ ఉండాలి. అది లేకపోతే కట్ చేయడానికి చోటుండదు.

నిలబడ్డ బండిలో కూడా కదిలే భాగాలుంటాయి, వాటిని వెతకండి. అసలైన అందం అక్కడే ఉంది. స్టాండర్డ్ హెరాల్డ్ బానెట్ మొత్తం ముందుభాగంతో సహా ముందుకి ఒరుగుతుంది, ఆ ఒక్క కదలికకే ఆరు సెకన్ల షాట్ ఇవ్వొచ్చు. ఫియట్, పద్మినిల్లో గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉంటుంది: గేరు మారుస్తున్న చేతిని పక్క సీటు వైపు నుంచి తీయండి. పాత మోరిస్ మైనర్‌లో టర్న్ సిగ్నల్ అంటే తలుపు పక్క స్తంభంలోంచి బయటికి లేచే చిన్న చెయ్యి. విల్లీస్ జీపు ముందు అద్దం బానెట్ మీదికి పడుకుంటుంది. బీటిల్ ఇంజిన్ వెనక ఉంటుంది, తెలియని పిల్లలు ముందు మూత ఎత్తగానే ఖాళీ డిక్కీ చూసి ఆశ్చర్యపోతారు, కెమెరా వాళ్ల ముఖాల మీద ఉండాలి. అంబాసిడర్‌ని మాత్రం డ్యాష్‌బోర్డు దగ్గరా, వెనక సీటు దగ్గరా నిదానంగా తీయండి. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయేదాకా ఎన్నో ఇళ్ల పెళ్లిళ్లూ ప్రయాణాలూ ఆ వెనక సీటులోనే జరిగాయి.

కదిలే బండిని తీసేటప్పుడు రోడ్డుకి ఒకే వైపు ఉండండి. ఒక షాట్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్లిన కారు, మీరు రోడ్డు దాటి తీసిన తర్వాతి షాట్‌లో కుడి నుంచి ఎడమకి వస్తే వెనక్కి తిరిగొచ్చినట్టు ఉంటుంది. కారు ఫ్రేమ్‌లోకి రాకముందే రికార్డింగ్ మొదలుపెట్టి, పూర్తిగా దాటిపోయాక కూడా నాలుగు సెకన్లు ఆగండి.

ఎండలో ఫోన్ వేడెక్కి రికార్డింగ్ ఆపేస్తుంది. కవరు తీసేయండి, తెర వెలుగు తగ్గించండి, షాట్‌కీ షాట్‌కీ మధ్య నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో, ఐస్ మీద పెట్టడం వద్దు, లోపల తేమ చేరుతుంది.

చప్పుడు

మొదటిసారి తీసేవాళ్ల వీడియోలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ఫోన్ మైకు ఆటో గెయిన్‌తో పనిచేస్తుంది: ఇంజిన్ గర్జించగానే తగ్గిస్తుంది, ఆగగానే జనం గోలని పైకి తెస్తుంది. చూసేవాళ్లకి వినబడేది ఇంజిన్ కాదు, ఊగిసలాట. అందుకే రికార్డర్ విడిగా ఉండాలి, లెవెల్ చేత్తో పెట్టాలి.

సైలెన్సర్‌కి సూటిగా వెనక పెట్టొద్దు. గాలి, పొగ నేరుగా మైకుకి కొట్టి బరబరలాడుతుంది. పక్కకి 45 డిగ్రీలు తిప్పి, మీటరు నుంచి మీటరున్నర దూరంలో, నేల నుంచి అడుగు ఎత్తులో పెట్టండి. ఊలు తొడుగు తప్పనిసరి. లెవెల్ మీటరు మామూలుగా −18 డీబీ దగ్గర ఆడుతూ, పెద్ద చప్పుడికి −6 దాటకుండా చూసుకోండి. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (లెవెల్ తప్పినా తర్వాత సరిచేసుకోగలిగే రకం) ఉంటే లెవెల్ బెంగ తగ్గుతుంది. అయినా మైకు తట్టుకోలేనంత దగ్గర పెడితే అది కూడా కాపాడలేదు. ఇంజిన్ వైపు ఇంకో రికార్డింగ్ చేయండి. ట్యాపెట్ల టకటక, ఫ్యాను గాలి అక్కడే వినబడతాయి. తిరిగే ఫ్యాను దగ్గరికి మైకు తీగ, కెమెరా పట్టీ, చున్నీ వెళ్లకుండా జాగ్రత్త.

కోల్డ్ స్టార్ట్ చప్పుడు రోజుకి ఒక్కసారే దొరుకుతుంది: చోక్ లాగిన క్లిక్కు, స్టార్టర్ మూలుగు, రెండు మూడు దగ్గులు, ఆపైన అందుకోవడం. ఓనరు ఎప్పుడు స్టార్ట్ చేస్తారో అడిగి తెలుసుకుని, ఐదు నిమిషాల ముందే రికార్డర్ పెట్టుకోండి. చల్లటి పాత ఇంజిన్‌ని రేజ్ చేయమని మాత్రం అడగొద్దు. ఆయిల్ పైదాకా చేరకముందే గట్టిగా తిప్పితే బేరింగులు అరుగుతాయి. ఓనరుకి అది తెలుసు, మీకూ తెలుసని చూస్తే నమ్మకం కుదురుతుంది.

మైకు సెట్టులో సినిమా పాటలు మోగుతుంటే రెండు నష్టాలు. ఇంజిన్ చప్పుడు పాడవుతుంది, అప్‌లోడ్ చేయగానే కాపీరైట్ క్లెయిము పడుతుంది. పాట కలిసిన చప్పుడులోంచి పాటని శుభ్రంగా విడదీయడం కష్టం. స్పీకర్లకి వీలైనంత దూరంగా వెళ్లండి, లేదా నిర్వాహకుల్ని రెండు నిమిషాలు ఆపమని అడగండి. పాట లేని సమయంలో ఒక నిమిషం పాటు ఉత్త గ్రౌండ్ చప్పుడు రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో కట్‌ల మధ్య ఖాళీలు పూడ్చేది అదే.

ఓనరుతో మాటలు

కాలర్ మైకు గడ్డానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల కింద పెట్టండి. ఓనరుని నీడలో, బండి పక్కన నిలబెట్టండి. లెన్స్ వైపు కాకుండా మీ వైపు చూస్తూ మాట్లాడమనండి. “మైలేజీ ఎంతండీ?” అని అడిగితే అంకె వచ్చి ఆగిపోతుంది. “ఈ బండి మీ ఇంటికి ఎలా వచ్చిందండీ?”, “స్పేర్ పార్టులు ఎక్కడ పట్టుకొస్తున్నారండీ?”, “దీంట్లో మీరు వెళ్లిన అన్నిటికన్నా దూరం ఊరేదండీ?” అని అడగండి. మీ ప్రశ్న కట్ అయిపోతుంది కనుక జవాబు నిండు వాక్యంగా రావాలి. “నాన్నగారు కొన్నారు” అని కాకుండా “ఈ ఫియట్ మా నాన్నగారు కొన్నారు” అని చెప్పమని ముందే మనవి చేయండి. బండి తయారైన సంవత్సరం, రిజిస్టరైన సంవత్సరం వేర్వేరుగా ఉండొచ్చు. రెండూ రాసుకోండి. నంబరు ప్లేటు చూపించొచ్చా అని అప్పుడే అడిగేయండి.

ఎడిటింగ్

ఇంటికి రాగానే ఫుటేజ్ రెండు చోట్ల కాపీ చేసి, ఆ తర్వాతే కార్డు ఖాళీ చేయండి. బండికొక ఫోల్డరు, రాకకి ఒకటి, పోకకి ఒకటి, చప్పుళ్లకి ఒకటి.

డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు, 4కె దాకా ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) చేస్తుంది. కంప్యూటర్ పాతదైతే షాట్‌కట్ లేదా కెడెన్‌లైవ్. రిజాల్వ్‌లో ప్రాజెక్టు తెరవగానే, ఫైళ్లు లోపలికి తేకముందే ఫ్రేమ్ రేటు 25 పెట్టండి, తర్వాత మార్చనివ్వదు. ఫోన్ ఫైళ్ల ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. రికార్డర్ చప్పుడు మొదట సరిపోయి, రెండు నిమిషాల తర్వాత పెదాలకీ మాటకీ పొంతన తప్పితే కారణం ఇదే. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకున్నాక ఎడిటింగ్‌కి తీసుకోండి. రికార్డింగ్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టి ఉంటే బొమ్మనీ చప్పుడునీ కలపడం తేలిక.

మొదట బొమ్మలు పేర్చడానికి కూర్చోవద్దు. ఓనర్ల మాటల్లో మంచివి, ఇంజిన్ చప్పుళ్లు తీసుకుని ముందు వినడానికి బాగుండే వరస ఒకటి తయారుచేయండి. కళ్లు మూసుకుని విన్నా కథ నడవాలి. ఆ తర్వాత దాని మీద బొమ్మలు పరచండి. మొత్తం నిడివి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, ఒక్కో బండికి నలభై యాభై సెకన్లు. మొత్తం బండి కనబడే షాట్ మూడు నాలుగు సెకన్లు, దగ్గరి షాట్ రెండు సెకన్లు, కదిలే షాట్ కదలిక ముగిసేదాకా. ఒకే సైజు షాట్లు రెండు పక్కపక్కన పెడితే బొమ్మ ఎగిరినట్టుంటుంది. మొత్తం బండి తర్వాత బ్యాడ్జి, బ్యాడ్జి తర్వాత ముఖం, అలా మారాలి. తర్వాతి బండి చప్పుడు బొమ్మకంటే అర సెకను ముందే వినిపించండి, బండి మారినట్టు కాకుండా వచ్చి చేరినట్టు ఉంటుంది.

స్లో మోషన్ వాడాలంటే 50 ఫ్రేములతో తీసినదాన్నే సగం వేగానికి తగ్గించండి. 25తో తీసినదాన్ని సాగదీస్తే చక్రాల చుట్టూ బొమ్మ కరిగినట్టవుతుంది. స్టెబిలైజేషన్ (ఊగుడు తగ్గించే ఎఫెక్టు) కూడా తిరిగే చక్రాలున్న షాట్లని వంకర్లు తిప్పుతుంది, అక్కడ తీసేయండి.

రంగుల్లో ముందు వైట్ బ్యాలెన్స్, తర్వాత వెలుగు, ఆ తర్వాతే మిగతావి. ఒకే బండి షాట్లన్నీ పక్కపక్కన పెట్టి పోల్చండి: ముందు నుంచి ముదురు ఎరుపుగా, వెనక నుంచి నారింజగా ఉంటే రెండు బండ్లనుకుంటారు. ఎర్ర కార్లకి శాచురేషన్ (రంగు గాఢత) పెంచొద్దు, తగ్గించండి. ఎరుపు చానల్ నిండిపోతే తలుపు మీద ఒంపులన్నీ మాయమై చదునైన రంగు ముద్ద మిగులుతుంది.

మాటలు −12 నుంచి −6 డీబీ మధ్య, కింద గ్రౌండ్ చప్పుడు −30 దగ్గర, సంగీతం ఉంటే −22 దగ్గర. ఇంజిన్ వినిపించేటప్పుడు సంగీతాన్ని పూర్తిగా తీసేయండి. మొత్తం లౌడ్‌నెస్ (చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) −14 ఎల్‌యూఎఫ్‌ఎస్, పీక్ −1 డీబీ దాటకూడదు. చివరగా ఫోన్ స్పీకర్లో విని చూడండి. ఎక్కువమంది అందులోనే వింటారు, లోతైన గుమగుమ అందులో వినబడదు. ఇంజిన్ పక్కన తీసిన టకటకని కొంచెం పెంచితే అక్కడ కూడా బండి బతికి ఉంటుంది.

తెలుగు టైటిళ్లలో ఒత్తులు, గుణింతాలు విడిపోతే ఫాంటు ఒక్కటే మారిస్తే సరిపోదు. అడోబీ ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్ కింద సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని మళ్లీ తెరవండి. ఇతర సాఫ్ట్‌వేర్లలో కుదరకపోతే మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటుతో ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా తెచ్చి పెట్టండి. “క్రోమ్”, “స్టాండర్డ్”, “ఫ్యాక్టరీ” అనే మూడు మాటలు సరిగ్గా వస్తే మిగతావీ చాలా మటుకు వస్తాయి.

ఎగుమతి హెచ్ 264, 4కె, 25 ఫ్రేములు, 40 మెగాబిట్లు, చప్పుడు ఏఏసీ 48 కిలోహెర్ట్‌జ్. 1080లో తీసినా 4కెకి పెంచి అప్‌లోడ్ చేయండి. యూట్యూబ్ 1080 ఫైళ్లని గట్టిగా కుదిస్తుంది, క్రోమ్ మెరుపూ కంకర నేలా గళ్లుగళ్లుగా విరిగిపోతాయి. ఓనరు వద్దన్న నంబరు ప్లేట్లని ట్రాకింగ్‌తో బ్లర్ చేయండి. అనుమతి తీసుకోని పిల్లల ముఖాలు దగ్గరగా ఉన్న షాట్లు మార్చేయండి.

వీడియోని ముందు అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనబడేలా) పెట్టి, 4కె ప్రాసెసింగ్ పూర్తయ్యాక ఓనర్లకి లింకు పంపండి. పేరు, మోడలు, సంవత్సరం సరిచూడమని అడిగి రెండు రోజులు ఆగండి. యూట్యూబ్‌లో ఎక్కించిన ఫైలుని అదే లింకు మీద మార్చడం కుదరదు, తప్పు దొరికితే మళ్లీ ఎగుమతి చేసి కొత్తగా అప్‌లోడ్ చేయాలి. అందుకే టైమ్‌లైనునీ, అసలు ఫుటేజ్‌నీ ఓనర్లందరి జవాబులూ వచ్చేదాకా డిలీట్ చేయొద్దు.